మూడో గది వేలం

నా నియామక ఉత్తర్వులో ఉద్యోగం పేరు ‘ఆస్తుల నిర్వహణ సలహాదారు’ అని ఉంది. ఊళ్ళలో ఎవరూ దాన్ని అంత పొడవుగా పలకలేదు. మొదటి నెలలోనే నాకు ‘సర్కారు బ్రోకరు’ అన్న పేరు స్థిరపడింది. అందులో వెక్కిరింత పాలెంత, వాస్తవం పాలెంత అని లెక్క వేసుకుంటే వాస్తవమే ఎక్కువని తేలింది. పంచాయతీలు కట్టించిన దుకాణపు గదులను కిరాయికి ఇప్పించడం, ప్రభుత్వానికి సొంత కట్టడం లేనిచోట కిరాయి ఇల్లు వెతికిపెట్టడం, ఖాళీ జాగాలకు విలువ కట్టడం నా పనులు. బేరం కుదిరితే బ్రోకరుకు కమిషను వస్తుంది. నాకు కుదిరినా కుదరకపోయినా ఒకటే జీతం.

నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. ఖమ్మం శివార్లలో కొన్నేళ్ళు ప్రైవేటు వెంచర్లకు లేఅవుట్లు గీశాను. తర్వాత ఆస్తుల మదింపులో శిక్షణ తీసుకుని ఈ కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. ఒక గది విలువను దాని వైశాల్యం, షట్టరు వెడల్పు, రోడ్డుకు దూరం, కరెంటు సదుపాయం, చుట్టుపక్కల కిరాయిలు కలిసి నిర్ణయిస్తాయని నాకు నేర్పారు. ఆ సూత్రం తప్పని ఇప్పటికీ అనను. కాని ఏన్కూరు దాటి టేకు చెట్లు మొదలయ్యాక వచ్చే ఒక ఊళ్ళో, మూడో నంబరు గది ఒకరి చేతికి ఎలా వెళ్ళిందో ఆ సూత్రంతో ఇంతవరకు వివరించలేకపోయాను. ప్రతి దశలోనూ నేను అక్కడే ఉన్నాను. ప్రతి దశా నిబంధన ప్రకారమే జరిగింది. అయినా జరిగింది వేలమేనా అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పలేను.

ఊరికి రెండు ముఖాలు ఉన్నాయి. రోడ్డు వైపు, రెండు మూడు తరాల కిందట కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల డాబాలు, ఎరువుల కొట్లు, మిర్చి కల్లాలు. వాగు దాటితే కోయ గూడెం. దాని వెనక నుంచే అడవి. రెంటికీ మధ్య, వారానికొకసారి సంత జరిగే మైదానం అంచున, పంచాయతీ వాళ్ళు ఒకే వరుసలో అయిదు దుకాణపు గదులు కట్టించారు. నాలుగు గదులు నేను చేరకముందే, ఇప్పటి వేలం షరతులు రాకముందే కిరాయికి పోయాయి. మిగిలింది మూడోది. లోపలి కొలత పన్నెండు అడుగులకు పది, ఎత్తు పదిన్నర. స్లాబు కారదు, గచ్చు కుంగలేదు. అన్నిటికంటే ముఖ్యం, ఊరి మొత్తంలో కిరాయికి దొరికే చోట్లలో త్రీఫేజు కరెంటు మీటరు ఉన్నది ఆ గదికి మాత్రమే. కాగితం మీద చూస్తే ముందుగా పోవలసిన గది అదే.

ఆ గది ఎవరికి కావాలో నాకు మొదటి రోజే తెలిసింది. నేను టేపు పట్టుకుని కొలుస్తుండగా గూడెం నుంచి ఒకావిడ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నలభై ఏళ్ళు ఉంటాయి. గూడెం మహిళా సంఘానికి పెద్ద.

“సారూ, గీ గది నాకు గావాలె. నా గిర్ని వెట్టుకుంట” అంది.

గిర్ని అంటే పిండిమర. సంఘానికి ఒక పథకం కింద ఆ యంత్రం వచ్చిందట. చూపిస్తానని వెంట తీసుకెళ్ళింది. ఇంటి పంచలో, టార్పాలిన్ కప్పి, కొత్త రంగు కూడా చెదరని యంత్రం ఉంది. టార్పాలిన్ ఎత్తితే, జొన్నలు పోసే గరాటులో ఒక కోడి పొదుగుతూ కూర్చుని నా వైపు కోపంగా చూసింది.

“ఇంటి కరెంటుకు ఇది తిరగదంట. ఏడాదాయె. ఆఫీసోళ్ళు వచ్చి, ఎండకాలం పోయేలోపు తిప్పకుంటె మిషిన్ మల్ల తీస్కపోయి వేరే ఊరి సంఘానికి ఇస్తమన్నరు” అంది. కోడిని తోలలేదు, టార్పాలిన్ జాగ్రత్తగా దించింది. “పిండికి ఏన్కూరు దాంక పోతున్నం. ఒక్క బస్సు తప్పితె పొద్దంత పాయె.”

విషయం నాకు స్పష్టంగానే అర్థమైంది. త్రీఫేజు ఉన్న గది ఒకటి, త్రీఫేజు కావలసిన యంత్రం ఒకటి. కాని పంచాయతీ గదిని బహిరంగ వేలంలో తప్ప ఇవ్వకూడదు. ఏజెన్సీ ఊరు కాబట్టి స్థానిక గిరిజనులే పాడాలి. కనీసం ముగ్గురు పాడితేనే పాట చెల్లుతుంది. ఈ మూడు షరతులూ ఆమెకు వివరించాను. “పాడుత” అంది వెంటనే. పాడటంలో తనకు వచ్చిన ఇబ్బంది ఏమీ లేనట్టు.

మొదటి వేలం సంత రోజున, పంచాయతీ కార్యాలయం వరండాలో పెట్టాం. గూడెం నుంచి చాలామందే వచ్చి కింద కూర్చున్నారు. ఆమె లేచి ప్రారంభ ధరను అప్పజెప్పినట్టు చెప్పి కూర్చుంది. పంచాయతీ కార్యదర్శి, కూసుమంచి వైపు నుంచి పరీక్ష రాసి ఉద్యోగంలోకి వచ్చిన యువకుడు, ఆ ధరను రాసుకుని తల ఎత్తాడు.

“ఇంకెవరు?” అన్నాను.

ఎవరూ పలకలేదు. గూడెం పెద్ద కూడా అక్కడే ఉన్నాడు. ఊరంతా ఆయన్ని పటేలు అంటారు. ఆమెకు మాత్రం వరసకు మామ. తలపాగా సర్దుకుంటూ నన్నే చూస్తున్నాడు.

“పటేలా, మీరేమైనా పాడతారా?”

“ఆమె అడిగింది గద సారూ.”

“ఆమె అడిగింది. మీరు?”

“ఆమె అడిగినంక మల్ల నేనెందుకు అడుగుత?” అన్నాడు, నా మతి మీద ఆయనకే అనుమానం వచ్చినట్టు. పక్కవాళ్ళు తలలూపారు.

పోటీ లేనందున వేలం వాయిదా పడింది. నేను ఖమ్మం తిరిగి వెళ్ళి, గిరాకీ ఎందుకు లేదన్న దానిపై పద్ధతిగా విచారణ మొదలుపెట్టాను. షట్టరు పడమరకు ఉండటం కారణమా? మిగిలిన నాలుగూ పడమరకే ఉన్నాయి. ప్రారంభ ధర ఎక్కువా? పక్క గది కిరాయికంటే తక్కువే. వానాకాలంలో మైదానం నీళ్ళు ఇటు తిరుగుతాయా? లెవల్ పెట్టి చూస్తే గచ్చు మైదానంకంటే బాగా ఎత్తులో ఉంది. ఏ కారణమూ నిలబడలేదు. పైగా గిరాకీ లేదనడానికే వీల్లేదు. కావలసినవాళ్ళు ఇద్దరున్నారని త్వరలోనే తెలిసింది.

ఆ రెండోవాడు రోడ్డు వైపు ఎరువుల కొట్టు యజమాని. ఒక మధ్యాహ్నం కొట్టు ముందు కుర్చీ వేసి నాకు టీ తెప్పించాడు.

“చూడండి ఇంజనీరు గారూ, మా తాత వేంసూరు మీదుగా ఇటొచ్చాడు. మేం పుట్టింది, పెరిగింది ఇక్కడే. అయినా ఆ గది నా పేరు మీద రాదు. సరే, చట్టం చట్టమే” అన్నాడు. “కారం మర పెడదామని ఎప్పట్నుంచో ఉంది. మిర్చి మన దగ్గరే పండుద్ది, కారానికి మాత్రం ఊరూరూ తిరగాలి. మా ట్రాక్టరు డ్రైవరు గూడెం మనిషే. వాడు పాడుకుంటే మీకేమన్నా అభ్యంతరమా?”

పాడేవాడికి స్థానికుడైన గిరిజనుడన్న ధ్రువపత్రం ఉందా లేదా అని మాత్రమే నేను చూడగలను, పాట వెనక ఎవరున్నారని అడిగే అధికారం నాకు లేదు అన్నాను. అది నిజమే. కాని టీ గ్లాసు కింద పెడుతున్నప్పుడు, నేను ఎవరి పక్షాన మాట్లాడానో నాకే సరిగా తేలలేదు.

రెండో వేలానికి ఆ డ్రైవరు వచ్చాడు. ఆమె ప్రారంభ ధర చెప్పింది. నేను డ్రైవరు వైపు తిరిగాను. అతను చేతిలోని ట్రాక్టరు తాళం తిప్పుతూ ఉండిపోయాడు.

“మీరు పాడటానికే కదా వచ్చారు?”

“అవ్ సారూ. కని మా చెల్లె పాడింది గద.”

“ఆమె మీకు చెల్లెలా?”

“వరసకు.”

కార్యదర్శి నా చెవి దగ్గరకు వంగి, “సార్, ఈ గూడెంల ఎవరిని అడిగినా ఎవరికో ఒకరికి వరసనే అయితరు” అన్నాడు.

వేలం మళ్ళీ వాయిదా పడింది. ఆ సాయంత్రం కొట్టు యజమాని డ్రైవరును రోడ్డు మీదే నిలబెట్టి కేకలు వేశాడని తెలిసింది. ఈసారి తానే వచ్చి వెనక నిలబడతానన్నాడట. అదే వారం జిల్లా కార్యాలయం నుంచి నాకు ఫోను వచ్చింది. మూడోసారి కూడా పోటీ రాకపోతే ఆ గదిని వేలం నుంచి తీసేసి సామాను గోదాముగా వాడుకుంటామన్నారు. అప్పుడు గిర్నీ ఉండదు, కారం మరా ఉండదు. సిమెంటు బస్తాలకు త్రీఫేజు కరెంటు ఉంటుంది. జనం ముందుకు రావడానికి ఈసారి ముందుగా కట్టే ధరావతు మినహాయిస్తూ పంచాయతీ తీర్మానం చేసింది. మిగిలిన ప్రయత్నం నన్నే చేయమన్నారు.

అందుకని గూడెం వెళ్ళాను. ఆమె ఇంటి ముందు మంచాలు వేశారు. పటేలు, ఇంకా నలుగురైదుగురు పెద్దలు వచ్చి కూర్చున్నారు. ఆమె స్తంభానికి ఆనుకుని నిలబడింది. టార్పాలిన్ కింద యంత్రం ఉంది. కోడి మాత్రం లేదు. దాని పిల్లలు వాకిట్లో తిరుగుతున్నాయి.

“ఒక్కరే పాడితే గది ఎవరికీ రాదు. కనీసం ముగ్గురు పాడాలి. ముందువాళ్ళు చెప్పినదానికంటే తర్వాతివాళ్ళు ఎక్కువ చెప్పాలి. అది పద్ధతి” అన్నాను.

“మేం పాడకుంటె ఆమెకు గది రాదా?” అన్నాడు పటేలు.

“రాదు.”

“గందుకు అందరం పాడాలె.”

“ఇష్టమున్నవాళ్ళు పాడాలి.”

“ఇష్టం ఎందుకుండదు? మా పిల్లే గద.”

ఎవరు ఎంత పాడాలో చెప్పడం నా పని కాదు. చెప్పలేదు. వాళ్ళు తమ భాషలో కాసేపు మాట్లాడుకున్నారు. నాకు అందులో ఒక్క ముక్కా తెలియదు. గొంతులను బట్టి వాదన కాదని, ఏదో వరస తేల్చుకుంటున్నారని అనిపించింది. చివరికి పటేలు నా వైపు తిరిగి, “గట్లనే సారూ. వస్తం. గీ ముచ్చట ముందుగాల చెప్పకపోయినవు? రెండుసార్లు ఉత్తగ తిప్పినవు మమ్మల్ని” అన్నాడు. వాళ్ళకు ఏ ముచ్చట అర్థమైందో అప్పుడు అడిగి ఉంటే బాగుండేది. పోటీ అంటే ఏమిటో అర్థమైందనుకున్నాను.

మూడో వేలం రోజు ఉదయం కార్యాలయం ముందు నాకు మొదట కనిపించింది మైకు. బహిరంగంగా జరగాలి కదా అని కార్యదర్శి ఊళ్ళో మైకుసెట్టు మనిషిని పిలిపించాడు. పెండ్లిళ్ళకు, పెద్దకర్మలకు పిలిచే మనిషే. ఊళ్ళో ఇంకొకడు లేడు. తర్వాత గూడెం జనం వచ్చారు. ఆడవాళ్ళు పెట్టెల్లోంచి తీసిన చీరలు కట్టుకున్నారు. ఒకామె చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో బియ్యం, తమలపాకులు ఉన్నాయి. ఏదైనా పండుగా అని అడిగితే కార్యదర్శి పెదవి విరిచాడు. అందరి వెనక, కొట్టు యజమాని చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. అతని డ్రైవరు జనంలో కూర్చున్నాడు.

ఆమె లేచి ఎప్పటిలాగే ప్రారంభ ధర చెప్పింది. కార్యదర్శి రాసుకున్నాడు. కూర్చోబోతుంటే ఇద్దరు ఆడవాళ్ళు ఆమె చేయి పట్టుకుని తీసుకెళ్ళి, అందరి ముందూ వేసిన కుర్చీలో కూర్చోబెట్టారు. పళ్ళెం ఆమె ముందు పెట్టారు.

“ఏందే ఇది?” అంది ఆమె.

“కూసో, మాట్లాడకు” అన్నారు.

ఒక యువకుడు లేచి ధర చెప్పాడు. ఆమె చెప్పిన దానికంటే కొద్దిగా ఎక్కువ. అమ్మయ్య అనుకున్నాను. రెండో పాట వచ్చింది. అతను అంతటితో ఆగలేదు. జేబులోంచి నోట్లు తీసి పళ్ళెంలో పెట్టి, ఆమెకు దండం పెట్టి వెళ్ళి కూర్చున్నాడు. మైకు మనిషి గొంతు సవరించుకున్నాడు.

“చిన్న తమ్ముని వరస, వాగు ఒడ్డు ఇంటి నుండీ...” అని మొదలుపెట్టి ధరను రెండుసార్లు, సాగదీసి చదివాడు.

ఆ సాగదీత నేను ఎక్కడ విన్నానో ఒక క్షణం తట్టలేదు. ఈలోగా మూడోవాడు లేచాడు, నాలుగోవాడు లేచాడు. ఒక్కొక్కరూ ముందువాడికంటే కొంచెం ఎక్కువ చెప్పి, పళ్ళెంలో నోట్లు పెట్టి, దండం పెట్టి కూర్చుంటున్నారు. మైకు మనిషి ఒక్కొక్కరి వరసనూ ఇంటినీ చెప్పి చదువుతున్నాడు. పెండ్లిలో చదివింపులు అలాగే చదువుతారు. ఈ గూడెంలో చిన్న వరసవాళ్ళతో మొదలై పెద్ద వరసతో ముగుస్తాయని, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకంటే తక్కువ చదివించడం తలవంపులని తర్వాత తెలుసుకున్నాను. ఆ పూట మాత్రం నా కళ్ళ ముందు నిబంధనలు కోరిన ఆరోహణ క్రమంలో పాట పెరుగుతోంది. ఆపడానికి కారణం ఏం చెప్పాలో తోచలేదు.

ఒక ముసలామె తన వంతు దాకా ఆగకుండా కోడిపుంజును చంకన పెట్టుకుని వచ్చింది. దాని కాళ్ళు కట్టి, కార్యదర్శి బల్ల కాలికి ముడివేసింది.

“మేనత్త వరస, కోడిపుంజు ఒకటీ...” అని మైకు పలికింది.

“సార్, కోడిపుంజును ఏ గడిల రాయాలె?” అన్నాడు కార్యదర్శి. అతని కలం నిజంగానే గాలిలో ఆగింది.

“రాయకండి. అమ్మా, ధర చెప్పని పాట చెల్లదు” అన్నాను.

“ధర లేదంటవా నా పుంజుకు? సంతల అడిగి రాపో!” అంది ముసలామె. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు డ్రైవరు లేచాడు. గోడ దగ్గర యజమాని నిటారుగా నిలబడ్డాడు. డ్రైవరు అంతకుముందు ఎవరూ చెప్పనంత పెద్ద మొత్తం చెప్పి, చొక్కా లోపలి జేబులోంచి రబ్బరుబ్యాండు వేసిన కట్ట తీసి, పళ్ళెంలో పెట్టాడు.

“పెద్దన్న వరస, ట్రాక్టరు ఇంటి నుండీ...”

“ఒరేయ్, పళ్ళెంలో పెట్టావేంట్రా? అది నేనిచ్చింది!” అన్నాడు యజమాని వెనక నుంచి.

“మరి చెల్లెకు ఉత్త చేతుల్తోని ఎట్ల సదివియ్యాలె?” అన్నాడు డ్రైవరు. చెప్పి కూర్చున్నాడు.

ఆఖరున పటేలు లేచాడు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. డ్రైవరుకంటే ఎక్కువ చెప్పి, నోట్లు పెట్టి, ఆమె తల మీద చేయి వేశాడు. జనం వెనక నుంచి యజమాని, “ఇంకా పాడరా, లే, నేనున్నాగా!” అని అరిచాడు. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. “రెండుసార్లు ఎవరన్న సదివిస్తరా అయ్యా? నవ్వుతరు” అన్నాడు.

నేను మూడుసార్లు అడిగాను. ఇంకెవరూ లేవలేదు. మైకు మనిషి అలవాటు కొద్దీ సన్నాయి రికార్డు పెట్టాడు. కార్యదర్శి అతన్ని ఆపించి, లేచి నిలబడి, హెచ్చు పాటదారుగా మూడో నంబరు గది పటేలుకు దక్కిందని ప్రకటించాడు.

మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పటేలు చుట్టూ చూశాడు.

“నాకా? నాకెందుకు గది?”

“మీరే కదా అందరికంటే ఎక్కువ పాడింది” అన్నాను.

“పెద్దోన్ని, గందుకు ఎక్కువ సదివిచ్చిన. గది ఆమెది గద. నువ్వే అంటివి, మేమంత పాడితెనే ఆమెకొస్తదని.”

“మీరు పాడకపోతే రాదన్నాను. పాడితే ఆమెకే వస్తుందని అనలేదు.”

తర్కం ప్రకారం ఈ రెండు వాక్యాలూ ఒకటి కావు. దాన్ని ఆ వరండాలో నిరూపించగలను. కాని పటేలు ముఖం చూశాక, ఆ తేడా వల్ల ఎవరికి ఏం ప్రయోజనమో నాకే తెలియలేదు.

“పైగా అది నెల కిరాయి. నెలనెలా కట్టాలి” అని మాత్రం చెప్పవలసి వచ్చింది.

“నెలనెలానా?” అన్నాడు పటేలు. “నెలనెలా పెండ్లి చేస్తరా సర్కారోళ్ళు?”

జనమంతా ఒక్కసారిగా నవ్వారు. మైకు మనిషి మైకు కట్టేయడం మరిచిపోవడంతో ఆ నవ్వు మైదానం దాటి రోడ్డు దాకా వినిపించి ఉంటుంది. నవ్వనిది ఆమె ఒక్కతే. కుర్చీలోంచి లేచింది. పళ్ళెంలో ఇంత సొమ్ము, బల్ల కాలికి పుంజు, మైకులో తన పేరిట ఇన్ని వరసలు. గది మాత్రం ఇంకొకరిది.

“సారూ, మరి నా గిర్ని?” అంది.

గదిని పటేలు తీసుకుని ఆమెకు అప్పగించవచ్చా? కూడదు. పాడుకున్నవాళ్ళు వేరొకరికి తిరిగి కిరాయికి ఇవ్వరాదు. పాట రద్దు చేయవచ్చా? చేస్తే అది మూడో వైఫల్యం, గది గోదాముకు పోతుంది. కార్యదర్శి, నేను నిబంధనల ప్రతిని మధ్యలో పెట్టుకుని చదివాం. అందులో ఒక వాక్యం ఉంది: హెచ్చు పాటదారు నిరాకరించిన యెడల, తదుపరి పాటదారుకు అవకాశం ఇవ్వవలెను. దాన్ని నేను చాలాసార్లు చదివాను గాని, ఒక్క మెట్టుకంటే కిందికి దిగవలసి వస్తుందని ఎన్నడూ ఊహించలేదు.

“పటేలా, ఈ గది మీకు అక్కర్లేదని ఒప్పుకుంటారా?” అన్నాను.

“అక్కర్లేదు అక్కర్లేదు” అన్నాడు, ముళ్ళకంప మీద నుంచి చేయి తీసినట్టు.

తదుపరి పాటదారు డ్రైవరు. వెనక యజమాని రెండడుగులు ముందుకు వేశాడు. ఆ కట్టలోని సొమ్ము అతనిది, ఆ డ్రైవరుకు ఏడాది పొడవునా పని అతని దగ్గరే. ‘తీసుకుంటాను’ అని ఒక్క మాట అంటే చాలు, త్రీఫేజు మీటరు కారం మరకు దక్కుతుంది. ఆమె అతని వైపు చూడలేదు. పళ్ళెంలోని బియ్యం వైపు చూస్తోంది.

“గది తీసుకుంటారా?” అన్నాను. నా గొంతు ఎప్పటిలాగే ఉండేలా జాగ్రత్తపడ్డాను.

డ్రైవరు తాళం జేబులో పెట్టుకున్నాడు. యజమాని వైపు, తర్వాత నా వైపు చూశాడు.

“సదివిచ్చినంక మల్ల గుంజుకుంటరా సారూ? నాకొద్దు.”

ఆ తర్వాత వచ్చిన పేర్లు మెట్లు దిగినట్టు దిగాయి. నడిపన్న వరస వద్దన్నాడు. చిన్నన్న వరస వద్దన్నాడు. కొందరికి ప్రశ్న పూర్తయ్యే దాకా కూడా ఓపిక లేదు, చేయి ఊపేశారు. ఆఖరికి మొదట లేచిన చిన్న తమ్ముడు కూడా వద్దన్నాక, కార్యదర్శి కలం అన్నిటికంటే పైనున్న గీత మీద ఆగింది. అక్కడ ఆమె పేరు, ప్రారంభ ధర ఉన్నాయి.

“మీరు తీసుకుంటారా?” అన్నాను.

“పొద్దుగాల నుంచి గదే అంటున్న గద సారూ!” అంది.

అందరిలోకీ తక్కువ పాడిన మనిషికి గది దక్కింది. పోటీ జరిగింది; ముగ్గురికంటే చాలా ఎక్కువమంది పాడారు; ప్రతి పాటా ముందుదానికంటే పెరిగింది; నిరాకరణలు వరుస క్రమంలో నమోదయ్యాయి. ఎవరూ ఏ నిబంధననూ దాటలేదు. నేను కాగితం మీద సంతకం పెడుతుంటే కాళ్ళ దగ్గర పుంజు కూసింది.

యజమాని నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. కోపంతో వచ్చాడనుకున్నాను. కాసేపు పళ్ళెం వైపే చూసి, “నా కట్ట అందులోనే ఉందండీ” అన్నాడు. అడిగి తీసుకుందామా అన్నట్టు ఒక అడుగు వేశాడు. అప్పటికే ఆడవాళ్ళు పళ్ళెం మీద కొంగు కప్పారు. అతను ఆగి, ఏమనుకున్నాడో, మైకు మనిషిని కేకేశాడు. “ఏమయ్యా, వాడి పేరున చదివావుగా, ఎరువుల కొట్టు తరఫున అని మళ్ళీ చదువు. ఇచ్చిందెటూ ఇచ్చాం, నా పేరు కూడా వినపడనీ.” మైకు మనిషి చదివాడు. అయితే, వరస ఏమని చెప్పాలో తెలియక ఒక్క క్షణం తడబడి, “ఊరి వరస” అన్నాడు.

ఎండలు ముదరకముందే గిర్ని తిరగడం మొదలైంది. పళ్ళెంలోని సొమ్ము బిగింపు ఖర్చులకు, కొన్ని నెలల కిరాయికి సరిపోయిందని కార్యదర్శి చెప్పాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసువాళ్ళు పిండి పట్టుకుని చూసి, సంతకం పెట్టి వెళ్ళారట. డ్రైవరు ఇప్పటికీ ఆ ట్రాక్టరే నడుపుతున్నాడు. యజమాని ఒక రోజు మిర్చి బస్తా పంపిస్తే, “జొన్నలు వట్టే దాంట్ల కారం వడితె పిల్లలు రొట్టె తింటరా?” అని ఆమె తిప్పి పంపేసిందట. అతను ఇంకా కారం కోసం ఊరూరూ తిరుగుతూనే ఉన్నాడు.

నాకు మాత్రం సందేహం తీరలేదు. జిల్లా కార్యాలయంలో ఒక అధికారి ఫైలు చూసి, “ఇంతమంది పాడి, ఇంతమంది ఎందుకు వద్దన్నారు?” అని అడిగారు. వాళ్ళు వేలాన్ని చదివింపులు అనుకున్నారని చెప్పాను. “నిజంగా అనుకున్నారా, అనుకున్నట్టు చేశారా?” అన్నారు ఆయన. ఆ ప్రశ్న నాకు అంతవరకు రాకపోవడమే వింత. పటేలు ఆశ్చర్యం నటన కాదని నాకు దాదాపు నమ్మకం. కాని ఆ రోజు మంచాల మీద కూర్చుని వాళ్ళ భాషలో అంతసేపు తేల్చుకున్నది చదివింపుల వరసేనా? రోడ్డు మీద డ్రైవరు తిన్న తిట్లు గూడేనికి చేరలేదా? ఆలోచించిన కొద్దీ రెండు వైపులా సమానమైన సాక్ష్యం దొరుకుతోంది.

ఆ వైపు పని పడినప్పుడు ఒక మధ్యాహ్నం గిర్ని దగ్గర ఆగాను. ఆమె బెల్టు సర్దుతోంది. పటేలు గుమ్మంలో బస్తా మీద కూర్చున్నాడు. కనుబొమల మీద పిండి.

“పటేలా, ఒక మాట అడుగుతాను. ఆ రోజు మీకు అది వేలం అని తెలియదా, తెలిసే చదివించారా?”

ఆయన నాకు జవాబివ్వక, లోపలికి తిరిగి ఆమెతో తమ భాషలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆమె కళ్ళు తుడుచుకునేంత నవ్వింది.

“ఏమన్నాడు?” అన్నాను.

“ఏం లేదు సారూ. ఊరంత సదివిచ్చింది, కొట్టాయన గూడ సదివిచ్చిండు, గీ సారొక్కడే ఏం సదివియ్యలేదు, మల్ల మననే అడుగుతుండు అంటుండు.”

వేలం నిర్వహించే సిబ్బంది అందులో ఏ విధంగానూ పాల్గొనరాదన్న నిబంధన నాకు కంఠతా వచ్చు. అది చదివింపులకు వర్తిస్తుందా? వేలం ముగిసి ఇన్నాళ్ళయ్యాక కూడా వర్తిస్తుందా? వర్తించకపోతే, నాది ఏ వరస? జేబులో చేయి పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నా జవాబు కోసం ఆమె ఆగలేదు. స్విచ్చు వేసింది, గిర్ని మోతలో ఇక ఎవరి మాటా వినపడలేదు.